బోర్లించిన గ్లాసు

"మా అయ్య నోట్లో మాట పెట్టింది మీరు. చచ్చిపోయిన మనిషి నోట్లో పెట్టారు. ఆయన ఎన్నడూ అనని మాట పెట్టీసి, దాని కింద సాక్షి సంతకంలాగ మా అన్న పేరు తగిలించీసారు. దొంగైతే ఇంట్లో ఉన్నది పట్టుకుపోతాడు. మీరు లేనిది తెచ్చి నట్టింట్లో పెట్టి, ఉన్నదాన్ని బయటికి గెంటీసారు. దీన్ని మీ భాషలో ఏటంటారో నాకు తెలీదు. మా వీధిలో కబ్జా అంటారు."

నూకరత్నం ఈ మాట అన్నది ఆసుపత్రి పై అంతస్తులో, చలి పుట్టించే ఏసీ గదిలో. పొడుగాటి బల్లకి అటు పక్క కంపెనీ వాళ్లు కూర్చున్నారు. వాళ్లకి పెద్ద ప్రణీత్ అనే కుర్రాడు, నెమ్మదస్తుడు. ఇటు పక్క మెదడు వార్డు చూసే డాక్టర్ వసుంధర. గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో నూకరత్నం అన్న ఎల్లారావు, అతని వెనక అతని భార్య గౌరి.

"మేడమ్, కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు ప్రణీత్.

"నిలబడే మాట్లాడతాను బాబూ. కూర్చోబెట్టి మర్యాద చేసీవాళ్ల దగ్గరే నాకు మాట మెత్తబడిపోతాది."

ఆమెకి అంత కోపం ఎందుకొచ్చిందో అర్థం కావాలంటే గాజువాకలో ఒక సందులోకి రావాలి. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, దాని మీద ఒక రేకుల గది, గదిలో కాళ్లు అతికించిన పాత క్యారమ్ బోర్డు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ బోర్డు చుట్టూ మనుషులు చేరేవారు. ఓడరేవులో క్రేను నడిపే ఎల్లారావు వచ్చేవాడు. ఇళ్లకి కరెంటు తీగలు లాగే తవిటయ్య వచ్చేవాడు. ఇంకొందరు వచ్చేవారు, పోయేవారు. కొట్టు నూకరత్నానిదే. ఆటపెద్ద కూడా ఆవిడే.

ఆ ఆటకి బోర్డు మీద గళ్లుండవు. ఆటపెద్ద ఒక సంగతి చెబుతుంది: "గెడ్డ పొంగింది, వంతెన కొట్టుకుపోయింది, అవతల ఒడ్డున నీ గొర్రెలున్నాయి. ఏం చేస్తావు?" తలో వేషం కట్టినవాళ్లు తమ వేషానికి తగ్గట్టు జవాబు చెబుతారు. తేలని చోట పాచికలు తేలుస్తాయి. అలా ఏళ్ల తరబడి వాళ్లు నోటితోనే ఒక దేశాన్ని కట్టారు. దాని పేరు ఏడుగెడ్డల సీమ. అక్కడ రాజుల్లేరు. ఉప్పు పండించేవాళ్లున్నారు, నేతగాళ్లున్నారు, దెయ్యాలక్కూడా పన్ను వేసే మునసబున్నాడు. ఎల్లారావుది సరంగు వేషం, ఏడు గెడ్డల మీదా పడవలు నడిపే పెద్ద సరంగు. నలుగురు కూలిమనుషులు కూర్చుని దేశాన్ని కట్టడమేమిటని నవ్వినవాళ్లు ఒక్కసారి వచ్చి కూర్చుంటే మరి లేచేవారు కారు.

ఆ బల్లకి ఒక కట్టుబాటుంది. సీమ గురించి ఎవరు కొత్త సంగతి చెప్పినా తన ముందు ఒక చింతపిక్క పెట్టాలి. అంటే ఈ మాట నాది, దీనికి నేను పూచీ అని. ఇంకొకరికి ఒప్పుదల కాకపోతే తన పిక్క పెట్టి "అడ్డం" అనాలి. అప్పుడు ఆటపెద్ద అడుగుతుంది: "చూశావా? విన్నావా? అనుకున్నావా?" ఎవరూ అడ్డం పెట్టకపోతే ఆ మాట నిలిచినట్టే. నోరు మెదపకుండా ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టే. ఇక ఎవరికీ తెలియని సంగతి వస్తే, ఆ గెడ్డ అవతల ఏముందో ఇంతవరకు ఎవరూ చెప్పి ఉండకపోతే, ఆటపెద్ద తన టీ గ్లాసు బోర్లిస్తుంది. ఇది ఖాళీ, ఎప్పుడో ఎవరో వచ్చి చెబుతారు, అంతవరకు దీన్ని ముట్టుకోకండి అని దాని అర్థం. కొన్ని గ్లాసులు ఏళ్ల తరబడి బోర్లించే ఉండేవి. అవంటే అందరికీ గౌరవం.

సంగతులు పెరిగిపోయాయి. క్యాలెండర్ల వెనక రాసినవి, అట్టముక్కల మీద రాసినవి సంచుల్లోకి ఎక్కాయి. ఇలాంటి రాతల్ని సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్లు బయట దొరుకుతాయంటే నూకరత్నం వాటిని వాడి చూసింది. ఒళ్లు మండిపోయింది. ఖాళీ గడి కనబడితే వాటికి నిద్రపట్టదు. కల్లు పాక అని రాస్తే పక్కన ఏదో చలిదేశపు సత్రం బొమ్మ తెచ్చి పెట్టీది ఒకటి. మునసబు కూతురి పేరు రాయకపోతే తనే ఒక పేరు పెట్టీది ఇంకొకటి. "మన ఇంటి బారసాలకి దాన్నెవడు పిలిచాడు?" అన్నాడు తవిటయ్య.

దాంతో ఆవిడే రాసుకుంది. కాలేజీ గుమ్మం తొక్కలేదు. ఫోన్ల లోపల ఏముందో విప్పి చూసుకుంటూ, వీడియోలు చూసుకుంటూ, తప్పులు తిని అరిగించుకుంటూ రాసింది. దానికి దస్తరం అని పేరు పెట్టింది. బల్ల దగ్గర మాట్లాడుతుంటే దస్తరం వింటుంది, సర్దుకుంటుంది. ఏ సంగతి అడిగినా చెప్పినవాళ్ల పేరుతో సహా చెబుతుంది. రెండు సంగతులు పోట్లాడుకుంటే రెండింటినీ పక్కపక్కనే ఉంచుతుంది. తెలియనిది అడిగితే తెర మీద పసుపుపచ్చ గడి వెలుగుతుంది, అందులో రెండే మాటలు: ఎవరూ చెప్పలేదు.

ఆ రెండు మాటలే నూకరత్నం గర్వం. లోకంలో ఇన్ని యంత్రాలున్నాయి, అడిగిందే తడవు గడగడా చెప్పేస్తాయి. తనకి తెలియదని తల ఎత్తుకుని చెప్పగలిగే యంత్రం గాజువాక రేకుల గదిలో పుట్టింది. ఆవిడ దాన్ని అందరికీ ఊరికే ఇచ్చేసింది. ఒక్కటే షరతు. చెప్పినవాడి పేరు తీయకూడదు, ఖాళీని పూడ్చకూడదు.

తర్వాత ఎల్లారావుకి పక్షవాతం వచ్చింది. క్రేను మీద నుంచి దిగుతూ మెట్ల దగ్గర కూలబడిపోయాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. వార్డులో మంచం మీద "తా... తా" అనడం తప్ప ఏమీ లేదు. గౌరిని చూసి ఎవరో పరాయి మనిషిని చూసినట్టు మర్యాదగా తలాడించాడు. ఆవిడ బయటికెళ్లి వరండా గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

తవిటయ్య చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు. తెలియనప్పుడు మనిషి తనకి తెలిసిన ఒక్క మాటే మాట్లాడతాడు. "సరంగూ," అన్నాడు, "గెడ్డ పొంగీసింది. రేవులో జనం ఉండిపోనారు. ఏటి సేస్తావు మరి?"

ఎల్లారావు కళ్లు తెరిచాడు. "తా... తాడు. తాడియ్యి. ఆడోళ్లని ముందెక్కించు."

గుమ్మంలో ఉన్న డాక్టర్ వసుంధర అడుగు ఆగిపోయింది. వరండాలోంచి గౌరి పరిగెత్తుకొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే అంది: "నా పేరు రాలేదు గానీ ఊళ్లో ఆడోళ్లనందర్నీ ఎక్కించడం వచ్చినాదా?"

డాక్టరుకి విషయం అందింది. సొంత బతుకుకి పోయే దారి మూసుకుపోయింది, కట్టుకున్న దేశానికి పోయే దారి తెరిచే ఉంది. అటు నుంచి ఇటు రావచ్చు కదా అని ఆవిడ ఆలోచన. "మీ దస్తరంలో మీ అన్నయ్య జీవితాన్నే ఒక సీమలాగా ఎక్కిద్దాం," అంది నూకరత్నంతో. "మీరంతా బల్ల దగ్గర కూర్చుని తెలిసింది చెప్పండి. ఆయన్ని ఆడనివ్వండి."

ఎల్లారావు తలకి తీగల టోపీ పెట్టారు. "సరంగుకి బాసికం కట్టీసారు," అన్నాడు తవిటయ్య. తెర మీద మెదడు బొమ్మ, ఆలోచన ఎటు కదిలితే అటు వెలుగు. వాళ్లు చెప్పిన సంగతులు వింటున్నప్పుడు వెలుగు కొంచెం కదిలేది. పసుపుపచ్చ గడి వచ్చినప్పుడు మాత్రం చీకటిగా ఉన్న భాగంలో సన్నగా గీతలు పడేవి, తప్పిపోయిన మనిషి గోడ తడుముకున్నట్టు.

ఒకసారి దస్తరం అడిగింది: మిల్లు కూత వినబడితే ఇంట్లో ఏం జరిగేది? ఎవరూ చెప్పలేదు. ఎల్లారావుకి చెమట పట్టింది. దవడ బిగిసింది. ఆపేద్దామా అని గౌరి డాక్టరు వైపు చూసింది. అప్పుడన్నాడు: "పిల్లి. పిల్లి... మంచం కిందకి దూరీది."

పిల్లి సంగతి నూకరత్నమే మరిచిపోయింది. వాళ్లయ్య జూట్ మిల్లులో మగ్గం మనిషి. మిల్లు కూత పెడితే ఇంటి పిల్లి నిజంగానే మంచం కిందకి దూరేది. ఎల్లారావు ఆ కూత పట్టుకుని ఇంకో అడుగు వేశాడు. గౌరి వైపు తిరిగి, వంకర పెదవితో, "సైరను" అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ గొంతుకి అతను పెట్టిన పేరది. గౌరి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటి దగ్గర ఆ పేరు విని ఆవిడ చేట విసిరేసిన రోజులు కూడా ఉన్నాయి.

దస్తరం రాసుకుంది: చెప్పినవాడు ఎల్లారావు. ఆ రోజు నూకరత్నం ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఆమె నడకే వేరు. మాట పోయిన మనిషి ఒక ఖాళీ గడి పట్టుకుని పైకి ఎక్కి వస్తున్నాడు. ఆ గడిని తను కట్టింది.

ఆ ఖాళీ గడుల్లో ఒకటి పెద్దది. వాళ్లయ్య అప్పలస్వామి ఆఖరి రోజు. మగ్గాల హోరులో ఆయనకి చెవులు ఏనాడో పోయాయి. మిల్లులో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. మిల్లు మూతపడ్డాక కూడా ఆయన సగం మాటలు చేత్తోనే, మిగతా సగం వీధి చివరికి వినబడే కేకలతో. ముద్దు మాట ఒక్కటి అనడం పిల్లలిద్దరూ ఎరగరు. ఆసుపత్రిలో ఆయన పక్కన నూకరత్నం ఉంది. టీ తాగి రమ్మని ఆయనే సైగ చేస్తే కిందకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి అయిపోయింది. ఎల్లారావు డ్యూటీలో ఉన్నాడు, కబురందుకుని వచ్చాడు. అందరికీ తెలిసింది అంతే. తండ్రిని అన్న చివరిసారి ఎప్పుడు చూశాడో, ఏమనుకున్నారో ఆమె ఎప్పుడూ అడగలేదు. అతను చెప్పలేదు. దస్తరంలో అక్కడ పసుపుపచ్చ గడి వెలుగుతూ ఉండిపోయింది. ఎల్లారావు దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా ఏడ్చేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, వెనక్కి పోయేవాడు.

కొన్నాళ్లకి దస్తరాన్ని పెద్ద ఎత్తున వార్డుల్లో పెట్టడానికి ఒక కంపెనీ వచ్చింది. ఆ తర్వాత ఎల్లారావు గబగబా బాగుపడసాగాడు. వాక్యాలు వచ్చేశాయి. ఇంటికి పంపించారు. పగలు వార్డుకి వెళ్లి పలక లాంటి తెర ముందు కూర్చుని వచ్చేవాడు. ఆదివారం ఆట అతని ఇంటి వరండాలోకి మారింది. క్యారమ్ బోర్డుని తవిటయ్య నెత్తి మీద మోసుకొచ్చాడు.

అలాంటి ఒక ఆదివారం ఎల్లారావు ఎడం చేత్తో చింతపిక్క ముందుకి జరిపి అన్నాడు: "నాన్నగారు నా చెయ్యి పట్టుకున్నారు. ‘చెల్లెల్ని నీ చేతుల్లో పెడుతున్నాను, దాని కంట నీరు రానివ్వకు’ అన్నారు. అదే ఆయన ఆఖరి మాట." అతని ముఖం వెలిగిపోతోంది.

 వాళ్లింట్లో తండ్రిని నాన్నగారు అని ఎవరూ అనలేదు. చెవులు వినబడని మనిషి అంత నెమ్మదైన మాట ఎలా అంటాడు? నూకరత్నం గుప్పిట్లో తన చింతపిక్క ఉంది. అది చెమటకి తడిసింది. చావు అంచు దాకా పోయి వచ్చిన అన్న, ఇంత సంబరంగా ఉన్నాడు, ఇప్పుడు అడ్డం అంటే ఏమవుతాడు? గుప్పిట విప్పలేదు. తవిటయ్య టీ వైపు చూశాడు. గౌరి కొంగు సర్దుకుంది. ఎవరూ అడ్డం పెట్టలేదు కాబట్టి కట్టుబాటు ప్రకారం ఆ మాట నిలిచింది. దస్తరం రాసుకుంది: చెప్పినవాడు ఎల్లారావు. పసుపుపచ్చ గడి ఆరిపోయింది.

నూకరత్నానికి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు కొట్టు మూసి అన్నతో పాటు వార్డుకి వెళ్లి అతని వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. పలక మీద ప్రశ్న వచ్చింది: చిన్నప్పుడు మీ బడి ఎలా ఉండేది? ఎల్లారావు నుదురు ముడిపడింది. పెదాలు కదలబోయాయి. పసుపుపచ్చ గడి ఒక్క క్షణం మెరిసి, అతను నోరు తెరవకముందే దానంతటదే అక్షరాలతో నిండిపోయింది. పెంకుటిల్లు, గన్నేరు చెట్టు, బెత్తం పట్టుకున్నా మనసు మంచిదైన మాస్టారు. ఎల్లారావు నుదురు విచ్చుకుంది. హాయిగా, పాఠం చదివినట్టు, పైకి చదువుకున్నాడు. టోపీ తెర మీద చీకటి భాగంలో ఒక్క గీత కూడా పడలేదు.

అన్నాచెల్లెళ్లిద్దరూ చదివింది రేకుల షెడ్డులో. అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు.

నూకరత్నానికి అంతా ఒక్కసారి కనబడిపోయింది. యంత్రం రాస్తుంది. అన్న చదువుతాడు, నమ్ముతాడు. ఆదివారం బల్ల దగ్గర చెబుతాడు. ప్రేమ కొద్దీ ఎవరూ అడ్డం పెట్టరు. దాంతో యంత్రం రాసిన రాతకి మనిషి పేరు వచ్చి కూర్చుంటుంది. ఇంత దగా జరగడానికి దొంగదారి అక్కర్లేకపోయింది. తమ కట్టుబాటే రాచబాట వేసి ఇచ్చింది.

డాక్టరు గదిలోకి వెళ్లి నిలబడింది. "ఖాళీని ఎవరు పూడ్చారు?"

వసుంధర కళ్లజోడు తీసింది. "కంపెనీ వాళ్ల కొత్త మార్పు. పూరణం అంటారు. వేలమంది జీవితాల్లోంచి ఇలాంటి చోట ఇలాంటిదే ఉండి ఉంటుందని లెక్కగట్టి రాస్తుంది. ఖాళీల దగ్గర రోగులు ఏడుస్తున్నారమ్మా. కొందరు రావడమే మానేశారు. దీంతో మాట తొందరగా వస్తోంది. నేను ఒప్పుకున్నాను."

"మాట వస్తోంది డాక్టరుగారూ. ఎవరి మాట?"

వసుంధర కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, అదే ఇక్కడ చిక్కు. అందరూ మంచివాళ్లే చేశారు ఈ పని.

సాయంత్రం గౌరి వంటింట్లో వంకాయలు తరుగుతోంది. నూకరత్నం అంతా చెప్పింది. ఆదివారం తాను అడ్డం పెడతానంది.

గౌరి కత్తిపీట మీద నుంచి తల ఎత్తలేదు. "ఎందుకే రత్నం? మనిషి నవ్వుతున్నాడు. నిద్ర పడతాంది. మీ అయ్య అలగ అని ఉంటే మాత్రం నీకేటి నష్టం? అబద్ధమే అనుకో. మంచి అబద్ధమే కదా."

"అయ్య మంచోడు కాడనా నేనంటన్నది? అయ్య ఇలగ కాడు అంతే. ఈ మెత్తటాయన వచ్చి కూకుంటే మన అయ్యకి చోటేది? అన్నియ్య మరి వెతకడు వదినా. దొరికీసిందనుకున్నవోడు వెతకడు."

గౌరి కాసేపు తరిగింది. తర్వాత చేతులు ఆగాయి. "మొన్న నాకు జాజిపూలు తెచ్చీవాణ్ణని చెప్పినాడు. రోజూ తెచ్చీవాడట. ఆ మనిషి నాకు పూలెట్టుకొచ్చింది ఎప్పుడు? ఒకపాలి పీతలు తెచ్చినాడు, బతికున్నవి, సంచిలోంచి దూకీసి ఇల్లంతా తిరిగినాయి. నేను మంచమెక్కి అరిస్తే, ఆ అరుపుకే సైరను అని పేరెట్టినాడు." నవ్వబోయింది. నవ్వు సగంలో పోయింది. "ఇప్పుడు ఆ పేరు లేదు. గౌరీ అంటాడు. సినిమాల్లోలాగ గౌరీ అంటాడు. ఎవర్ని పిలుస్తున్నాడో అని ఎనక్కి తిరిగి చూడాలనిపిస్తాది."

వంకాయ ముక్కలు నల్లబడుతున్నాయి. ఆవిడ వాటిని నీళ్లలోకి తోసింది. "ఎట్టు," అంది. "అడ్డం ఎట్టు. ఏడిస్తే నేను పట్టుకుంటాను."

ఆదివారం వచ్చింది. వరండాలో ఎండ వాలుతోంది. పాచికలు తీయకముందే నూకరత్నం చింతపిక్కని బల్ల మధ్యకి జరిపింది. "అయ్య ఆఖరి మాటకి నాది అడ్డం."

 ఎల్లారావు చెల్లెలి వైపు అర్థం కానట్టు చూశాడు.

"చూశావా, విన్నావా, అనుకున్నావా?" అంది ఆమె.

"విన్నాను."

"ఎక్కడ నిలబడి విన్నావు?"

"మంచం... పక్కన."

"ఏ పక్క? గోడ పక్కా, కిటికీ పక్కా? అయ్య చెయ్యి ఎలగుంది? వేడిగా ఉందా, చల్లగా ఉందా? ఏ చొక్కా వేసుకున్నావు?"

ఎల్లారావు నోరు తెరిచాడు. పలక మీది అక్షరాల్లో లేనిది అతనికి దొరకలేదు. ముఖం ఎర్రబడింది. "నాన్నగారు... నా చెయ్యి పట్టుకున్నారు," అని మళ్లీ అదే మొదలుపెట్టాడు, మళ్లీ మధ్యలో ఆగాడు. ఎడం చేత్తో బల్లని గట్టిగా నెట్టాడు. పిక్కలు చెల్లాచెదురయ్యాయి. "నాదీ! నా మాటే! తీసీకు!"

"నీదైతే నేను ముట్టుకోను అన్నియ్యా. నీది కాదు. ఆసుపత్రి పలక రాసింది, నువ్వు చదివినావు. మేవందరం నోరు మూసుకుని ఊరుకున్నాం. మా తప్పు కూడా ఉంది."

ఆమె టీ గ్లాసు ఖాళీ చేసి, అతని ముందు, బల్ల మధ్యలో బోర్లించింది.

ఎల్లారావు దాన్ని చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ల తరబడి గౌరవించిన గుర్తు అది. దాని మీద చెయ్యి వేయడం ఆ బల్ల దగ్గర పెరిగిన మనిషికి రాదు. కన్నీళ్లు గడ్డం మీదకి జారాయి. గౌరి వెనక నుంచి భుజాలు పట్టుకుంది. రోడ్డు మీద ఐసుబండి గంట కొట్టుకుంటూ పోయింది. తవిటయ్య, ప్రతిదానికీ ఏదో ఒకటి అనే తవిటయ్య, తలొంచుకుని కూర్చున్నాడు.

ఎవరూ తొందరపెట్టలేదు. ఎవరూ సాయం చేయలేదు. ఆ ఊరుకోవడం వేరు, మొన్నటి ఊరుకోవడం వేరు.

అతని ఎడం చెయ్యి కదిలింది. మొదట వణుకే అనుకున్నారు. చెయ్యి పైకి లేచింది. రెండు వేళ్లు పెదవికి తాకించి వాటిని గుమ్మం వైపు విసిరాడు. తర్వాత అరచెయ్యి తెచ్చి గుండె మీద ఆన్చుకున్నాడు. తనే తన చేతిని ఆశ్చర్యంగా చూసుకున్నాడు. మళ్లీ చేశాడు.

నూకరత్నం లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడిపోయింది.

అది మిల్లు మాట. మగ్గాల హోరులో పక్కవాడికి చేసే సైగ. నువ్వు వెళ్లి టీ తాగి రా, నీ మగ్గం నేను చూస్తాను. ఆసుపత్రిలో వాళ్లయ్య ఆమెని కిందకి పంపినప్పుడు చేసింది అదే. టీకి వెళ్లానని మాత్రమే ఆమె దస్తరానికి చెప్పింది. సైగ ఎలా ఉంటుందో చెప్పలేదు. చేతుల మాటకి దస్తరంలో గడే లేదు. వేలమంది బతుకుల్ని లెక్కగట్టినా ఏ యంత్రానికీ అది చేతికి చిక్కదు.

"నువ్వొచ్చినావా?" అంది. "ఆ పొద్దున్న అయ్య దగ్గరికి వచ్చినావా?"

"వ... వచ్చినాను." ఒక్కొక్క మాట రాయి కదిపినట్టు వస్తోంది. పాఠం చదివినట్టున్న ఆ నున్నటి మాట ఎటో పోయింది. "డ్యూటీకి పోతూ. నువ్వింకా... రాలేదు. ఉండిపోతానన్నాను. అయ్య... తిట్టినాడు. ఎల్లమన్నాడు. ఇలగ." మళ్లీ సైగ. "చూస్తాను నేను... ఎల్లు. గుమ్మం దగ్గర తిరిగి చూసినాను. అప్పుడు కూడా... ఇలగే."

అంతే. చెయ్యి పట్టుకోలేదు, చెల్లెల్ని అప్పగించలేదు. ఇద్దరు పిల్లల్నీ విడివిడిగా ఒకే సైగతో పంపించేసి, తన మగ్గం తనే చూసుకుంటూ వెళ్లిపోయాడు అప్పలస్వామి. ఇన్నేళ్లు ఇద్దరూ ఎవరికి వాళ్లు అయ్యని వదిలి వచ్చేశామని దాచుకున్నారు. ఆయనే వదిలి వెళ్లమన్నాడు. తోటి పనివాణ్ణి పంపినట్టు గౌరవంగా పంపాడు.

నూకరత్నం చింతపిక్క వెనక్కి తీసుకుంది. కింద పడిన అన్న పిక్కని ఏరి అతని ముందు పెట్టింది. దస్తరానికి చెప్పింది: "చెప్పినవాడు ఎల్లారావు. చేత్తో చెప్పాడు. చూసినది." గ్లాసు తిరగేసి అందులో టీ పోసింది. ఎల్లారావు తాగాడు, సగం చొక్కా మీద పడింది. "ఏటే సైరనూ, చూస్తావు? గుడ్డ తే," అన్నాడు.

గౌరి గుడ్డ తేలేదు. అక్కడే నిలబడి వీధి చివరి దాకా వినబడేలా ఏడ్చింది.

ఇదంతా నూకరత్నం ఏసీ గదిలో నిలబడి చెప్పింది. ప్రణీత్ మధ్యలో అడ్డు రాలేదు, ఆ మర్యాద అతనికి ఉంది. అంతా అయ్యాక అన్నాడు: "మీ అన్నయ్యగారి విషయంలో నాకు బాధగా ఉంది మేడమ్. కానీ మిగతా కుటుంబాల్లో ఎక్కువమంది సంతోషంగా ఉన్నారు. మేము నొప్పి తగ్గించాలనుకున్నాం."

"నేనూ కుటుంబమే బాబూ," అంది గుమ్మం దగ్గర నుంచి గౌరి. "సంతోషంగానే ఉన్నానని మీ మనిషి అడిగితే నేనే చెప్పినాను. జాజిపూలు తెచ్చీవాడంటే ఎవరు కాదంటారు? మీరు నాకు కొత్త మొగుణ్ణిచ్చినారు. నా పాత మొగుడు నాకు కావాలి, పీతలోడు."

డాక్టర్ వసుంధర ఇంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఇప్పుడు దాన్ని కింద పెట్టింది. "టోపీ తెరలు నేనూ చూశాను ప్రణీత్. మాటలు పెరిగాయి. మెదడులో దారులు పెరగలేదు. నేను చూసి కూడా నాకు నచ్చిందే చూసుకున్నాను. నా వార్డులో ఇది ఈ పూటతో సరి."

"ఒక్క వార్డు చాలదు," అంది నూకరత్నం.

బల్ల మీద ఆమె ముందు నీళ్ల గ్లాసుంది. నీళ్లు తాగేసింది. గ్లాసు బోర్లించి బల్ల మధ్యకి నెట్టింది. ఖరీదైన చెక్క మీద టక్కుమని చప్పుడైంది.

"వినండి. దస్తరం నాది. మా బల్లది. షరతు తప్పితే చెల్లదు అనే హక్కు మాకుంది. ఇప్పుడు, ఈ గదిలోంచి లేవకముందే, పూరణం ఆపించండి. అన్ని వార్డుల్లోనూ. ఇంతవరకు అది రాసిన ప్రతి ముక్క కిందా యంత్రం రాసిందని రాయండి, మనిషి పేరు కొట్టీయండి. ఏ ఇంట్లో ఏం పెట్టారో ఆ ఇంటికెళ్లి మీ నోటితో చెప్పండి. వాళ్లు ఏడుస్తారు. పక్కన కూర్చోండి. ఖాళీ దగ్గర మనిషి ఏడ్చాడని ఖాళీని పూడ్చకండి, ఏడ్చేవాడి పక్కన కూర్చోడానికి మనిషిని పెట్టండి. ఆ పని నేర్పడానికి మా తవిటయ్య వస్తాడు, నేనొస్తాను."

"మేడమ్, పైవాళ్లతో మాట్లాడాలి. ఇప్పటికిప్పుడు అంటే..."

గుమ్మం దగ్గర చక్రాల కుర్చీ కిర్రుమంది. ఎల్లారావు ఎడం చెయ్యి ఎత్తాడు. రెండు వేళ్లు పెదవికి తాకించి ప్రణీత్ వైపు చూస్తూ తలుపు వైపు విసిరాడు. అరచెయ్యి గుండె మీద ఆన్చుకున్నాడు.

ప్రణీత్ నూకరత్నం వైపు చూశాడు.

"వెళ్లమంటున్నాడు," అంది ఆమె. "వెళ్లు. ఫోను చేసి ఆపించి రా. నువ్వొచ్చీదాకా ఈ గ్లాసు ఎవరూ ముట్టుకోకుండా మేం చూస్తాం."